పూత కొమ్మకి అంటు పట్టదు

కడియంలో నలభై ఏళ్ళుగా అంట్లు కడుతున్నాను. మామిడి, సపోటా, గులాబీ, ఏది చేతికిచ్చినా కడతాను. నూటికి తొంభై అయిదు పడతాయి. మిగతా అయిదూ ఎందుకు పోయాయని అడిగితే ఎండ అంటాను, వాన అంటాను, చూసినవాళ్ళ దిష్టి అంటాను గానీ నా చెయ్యి అని మాత్రం ఒప్పుకోను. వరహాలు చెయ్యంటే చుట్టుపక్కల నర్సరీల్లో ఓ మాట ఉంది మరి. అలాంటి నేను, పడ్డ అంటుని ఊడదీయడం కోసం విమానమెక్కి దొరల దేశం వెళ్తానని ఎవరైనా అంటే నవ్వేదాన్ని.

నన్ను పిలిచింది నా మేనకోడలు వకుళ, మా వీర్రాజు అన్నయ్య కూతురు. అది పుట్టిన వారం మా నర్సరీలో పొగడ చెట్టు విరగబూసిందని ఆ పేరు పెట్టింది నేనే. నడక వచ్చిన దగ్గర్నుంచీ నా పక్కన పీట వేసుకుని కూర్చుని అంటుకత్తి పట్టడం నేర్చుకుంది. తరవాత పెద్ద చదువులు చదివి, ఉత్తర సముద్రం ఒడ్డున ఆల్డర్‌హాఫ్ అనే ఊళ్ళో, నూట డెబ్బై ఏళ్ళనాటి గాజుమేడ తోటలో శాస్త్రవేత్తగా చేరింది. నాలుగేళ్ళయింది. ఏటా వస్తానంటుంది, ఏటా ఏదో వంక పెడుతుంది. దసరా వెళ్ళిన మర్నాడు ఫోన్ చేసింది.

"అత్తా, నా చేతికి కట్టుకున్న అంటు పట్టేసింది. ఊడట్లేదు. నువ్వొకసారి రా. నాన్నకి మాత్రం చెప్పకు."

అన్నయ్యకి సగం నిజమే చెప్పాను. అక్కడో మామిడి చెట్టు పూయడం లేదట, చూసిపొమ్మంటున్నారని. ఆ రోజు మా గేటు దగ్గర ఏలూరు పెద్దమనిషొకడు రాద్ధాంతం చేస్తున్నాడు. అయిదేళ్ళ కిందట బంగినపల్లి అని మేమిచ్చిన మొక్క మొన్న వేసవిలో తొలికాపు కాసిందట. తీరా చూస్తే పచ్చడి కాయట. మామిడితో వచ్చిన తంటా అదే, పొరపాటు చేస్తే అయిదేళ్ళకి గానీ బయటపడదు. ఆయన్ని అన్నయ్యకి అప్పగించి, పెట్టెలో అంటుకత్తీ రెండు సీసాల ఆవకాయా సర్దుకుని బయల్దేరాను.

గాజుమేడ అంటే నిజంగా మేడే. ఇనుప కమ్ములు, గాజు పలకలు, తాటిచెట్టు నిలువునా పట్టే ఎత్తు. బయట వేళ్ళు కొంకర్లు పోయే చలి. తలుపు తీసి లోపల అడుగు పెట్టగానే మా ఊరి ఉక్కపోత వచ్చి మొహానికి తగిలింది. అరటి, పనస, మిరియాల తీగ, చివరికి మన పెరటి గన్నేరు కూడా గొలుసుల వెనకాల దర్జాగా నిలబడి ఉన్నాయి. ఒక్కోదానికీ ఇత్తడి రేకు మీద పేరు. మేం కంచె మీంచి పీకి పారేసే నల్లేరుకి పాలరాతి కుండీ కట్టారు. నాకు నవ్వాగలేదు.

తోటపెద్ద హెండ్రిక్‌గారు మర్యాదస్తుడు. అరవై దాటిన మనిషి, పిల్లాడిలా సిగ్గుపడతాడు. మెడలో మాట మార్చే బిళ్ళ వేసుకున్నాడు, నాకూ ఒకటి ఇచ్చాడు. ఆయన వాళ్ళ భాషలో అన్నది అది తెలుగు చేసి చెబుతుంది. కాకపోతే పాతకాలం పంతులుగారి తెలుగు. "అమ్మగారూ, తమరి రాకచే మా ఉద్యానము పావనమైనది" అంది బిళ్ళ. ఆయ్, అలాగేనండి అన్నాను. ఆ మాటని అది ఆయనకి ఎలా చెప్పిందో గానీ ఆయన వంగి దణ్ణం పెట్టాడు.

దారి పొడుగునా గోడలకి పాత బొమ్మలున్నాయి. ఆయన ఒక్కోటీ చూపిస్తూ వాటి కథ చెప్పాడు. ఈ మేడ కట్టించిన జమీందారుకి వేడి దేశాల మొక్కలంటే పిచ్చట. ఆయన ఒక్కడికే కాదు, ఆ రోజుల్లో అక్కడి కలిగినవాళ్ళందరికీ పట్టుకున్న జబ్బే అది. ఒక్క అనాసపండు పండించడానికి బండ్లకొద్దీ బొగ్గు కాల్చేవారట. అంత స్తోమత లేనివాళ్ళు విందు రోజుకి అనాసపండుని అద్దెకి తెచ్చి, బల్ల మధ్యన పెట్టుకుని, ముట్టుకోకుండా మర్నాడు తిరిగిచ్చేసేవారట. పెళ్ళికి నగలు ఎరువు తెచ్చుకోవడం తెలుసు గానీ పండు ఎరువు తెచ్చుకోవడం నేనెక్కడా వినలేదు. మొక్కల్ని గాజుపెట్టెల్లో బిగించి, ఓడ పైన ఎండ తగిలేచోట కట్టి, నెలల తరబడి సముద్రం మీద తెచ్చేవారట. ఆ మొక్కల్ని వేళ్ళు తెగకుండా తవ్వి, రేవుదాకా మోసినవాళ్ళ పేర్లు ఈ రేకుల మీద ఎక్కడున్నాయండీ అని అడిగాను. ఆయన లేవన్నాడు. సర్దిచెప్పడానికి చూడలేదు, అందుకే నాకు నచ్చాడు.

మేడ నడిమధ్యన ఉంది మన చెట్టు. గోదావరి గట్టు నుంచి ఆ రోజుల్లోనే గాజుపెట్టెలో వచ్చిన మామిడి. కొట్టి కొట్టి పొట్టిగా ఉంచారు గానీ మొదలు ఇద్దరి కౌగిలికి కూడా అందదు. ఆకు నిగనిగలాడుతోంది. పుట్టి బుద్ధెరిగి ఒక్క పూత లేదు. కింద ఇత్తడి రేకు మీద, దాన్ని పంపిన దొర రాసిన వాక్యం చెక్కించారు: గోదావరి తీరవాసులు అన్నింటికన్న మిన్నగా మెచ్చు మామిడి. ఆ దొర దాని కాయ రుచి చూడకుండానే పోయాడు. తరవాత ఆరుగురు తోటపెద్దలూ చూడకుండానే పోయారు. హెండ్రిక్‌గారు ఏడో ఆయన. ఆ మాధుర్యాన్ని ఒక్కసారి చవిచూడటమే తన జీవితాశయమని బిళ్ళ చేత చెప్పించాడు. ఆయన మొహం చూస్తే బిళ్ళ అక్కర్లేకపోయింది.

ఆ చెట్టు కింద బల్ల మీద కూర్చుని ఉంది వకుళ. చిక్కలేదు, నల్లబడలేదు. కానీ మనిషిలో కదలిక లేదు. ఎండ పడుతున్నవైపు మొహం తిప్పుకుని ఊరికే ఉంది. ఒకప్పుడు నిముషం కుదురుగా కూర్చుంటే ఒంట్లో బాగాలేదేమో అని నుదురు ముట్టుకుని చూసేవాళ్ళం దాన్ని. నన్ను చూసి నవ్వుతూ లేచి వాటేసుకుంది. తరవాత ఎడంచేతి చొక్కా పైకి మడిచి చూపించింది. మణికట్టు లోపలివైపున రూపాయి బిళ్ళంత పచ్చటి మచ్చ.

అదే వకుళ కనిపెట్టిన వింత. చెట్లు గాలిలోకి ఏవేవో వాసనలు వదులుతాయి, ఆ వాసనలతోనే ఒకదానికొకటి కబురు చెప్పుకుంటాయి. ఆ కబురు మనిషికి తెలిస్తే ఎంత బావుంటుందని దీనికి అనిపించింది. మామిడి లేత బెరడులోంచి పిసరంత తీసి, గాజుగిన్నెలో పెంచి, తన చేతి నరానికి అంటు కట్టుకుంది. చెట్టు వదిలిన వాసన ఆ మచ్చ పీలుస్తుంది, పీల్చింది నరానికి చెబుతుంది.

నేను నమ్మలేదు. దాన్ని కళ్ళు మూసుకోమని, చెట్టు వెనక్కెళ్ళి, చప్పుడు కాకుండా ఓ వేరు మీద చెంబుడు నీళ్ళు పోశాను. కాసేపు ఆగి, "తూరుపు వేపు. చన్నీళ్ళు పోశావేంటత్తా, గోరువెచ్చగా పొయ్యాలి" అంది. ఇంకో పక్కకెళ్ళి ఆకు తుంపాను. చురుక్కుమన్నట్టు భుజం తడుముకుంది. మళ్ళీ తుంపడానికి నాకు చెయ్యి రాలేదు.

ఆర్నెల్లు ఉంచుకుని తీసేద్దామనుకున్నారట. తీయబోయేసరికి మచ్చ వేళ్ళు నరాల్లోకి దిగిపోయి ఉన్నాయి. డాక్టర్లు ఓ మూల కాస్త లేపితే వకుళ మూడు రోజులు తెలివి లేకుండా పడి ఉంది. పోనీ అలాగే ఉండనిచ్చి తిరుగుదామంటే, గాజుమేడ దాటి గంట గడిస్తే మచ్చకి తల్లిచెట్టు వాసన అందదు. వణుకు, జ్వరం. మూడేళ్ళుగా పెట్టిన వంకలన్నీ ఈ ఒక్క వంకే. హెండ్రిక్‌గారు దీన్ని సొంత కూతుర్ని చూసినట్టు చూస్తున్నాడు గానీ ఆయనకి దారి తెలియదు.

అసలు భయం ఇంకోటి ఉంది. మేడకి ఆనుకుని ఉన్న దాని గదిలో అన్నం వండి, ఆవకాయ సీసా మూత తీసి, ముద్ద కలిపి నోట్లో పెట్టాను. నమిలి మింగింది. కంట్లో నీళ్ళు రాలేదు, ముక్కు ఎగబీల్చలేదు, మంచినీళ్ళు అడగలేదు. ఎలా ఉందే అంటే, "చెట్టుకి నాలిక ఉండదు కదత్తా" అంది. చెట్టు మాట వినీ వినీ దాని మెదడు నాలిక మాట వినడం మానేసిందట. తీపీ కారం ఏమీ తెలియక రెండేళ్ళు దాటిందట. మా ఆవకాయ తిని మొహం మారని మనిషిని నేను పుట్టాక చూడలేదు. అప్పటిదాకా బింకంగా ఉన్నదాన్ని, బావురుమన్నాను.

పొద్దున వెలుతురులో కళ్ళజోడు పెట్టుకుని ఆ మచ్చని అరగంట చూశాను. అంటు అద్భుతంగా పట్టింది. నేను కట్టినా అంత బాగా పట్టదు. ఆ మాట పైకి అనలేదు. పట్టిన అంటుని ఎలా విడిపించాలో ఎవరూ నేర్పరు. ఎందుకు పట్టవో మాత్రం మా అమ్మ మొదటిరోజే నేర్పింది. అంటుకి కొమ్మ ఎంచేటప్పుడు పూతమీదున్న కొమ్మ జోలికి పోకు, దానికి పిందె ధ్యాస తప్ప ఇంకోటి ఉండదు, ఎంత బిగించినా అతుక్కోదు అనేది. ఈ పిల్ల చేతిమీదున్నదీ ఆ చెట్టు ముక్కే. తల్లి వాసన పీల్చి తల్లి ఏం చేస్తే ఇదీ అదే చేస్తోంది. చెట్టు పూతకొస్తే ఇదీ పూత ధ్యాసలో పడాలి. పట్టు వదలాలి.

వకుళ విని నెత్తి కొట్టుకుంది. మూడేళ్ళు బుర్ర బద్దలుకొట్టుకున్నా ఇది తట్టలేదంది. మీ నాయనమ్మ చెప్పేటప్పుడు నువ్వు పీట మీదుంటే కదా, కప్పల వెనక పడేదానివి అన్నాను.

ఇక చెట్టు ఎందుకు పూయడంలేదన్నది నేను గుమ్మంలోనే పోల్చుకున్నాను. దానికి ఇన్నేళ్ళూ వేళకి నీళ్ళు, వేళకి ఎరువు. చలి తెలీదు, ఎండ తెలీదు. వకుళ మచ్చ వచ్చాక మరీ, దాహం వేసేలోపే నీళ్ళు. మామిడికి కష్టం తెలిస్తే గానీ పూత రాదు. కార్తీకం నుంచి నీళ్ళు కట్టేయాలి. మొదలు చుట్టూ మట్టి లాగి వేళ్ళకి గాలి తగలనివ్వాలి. అప్పుడు దానికి బతుకు మీద బెంగ పుట్టి పిల్లల్ని కనే ఆలోచన వస్తుంది. గారం చేస్తే ఆకులే.

నీళ్ళు కట్టేద్దాం అని గట్టిగా అనేశాక గుర్తొచ్చింది, ఆ దాహం ఎవరికి వేస్తుందో. నాలిక కరుచుకున్నాను. వకుళ మాత్రం ఎన్నాళ్ళని అడిగింది. రెండు నెలలన్నాను.

హెండ్రిక్‌గారు ససేమిరా అన్నాడు. చెట్టు పోతుందని కాదు, పిల్ల ఏమైపోతుందోనని. కావలిస్తే తన జీవితాశయాన్ని ఇప్పుడే వదులుకుంటానన్నాడు. వకుళ ఆయనకి ఒక్కటే మాట చెప్పింది.

"అంటు నేను కట్టుకున్నానండి, దాహం కూడా నేనే పడతాను. రెండు నెలలు దాహంతో ఉండమంటే ఉంటాను. జన్మంతా గాజు కింద ఉండమంటే ఉండలేను."

ఆయన కుళాయి తాళంచెవి తీసి నా చేతిలో పెట్టాడు.

మొదటివారం సరదాగానే గడిచింది. రెండోవారం నుంచి వకుళ గ్లాసు మీద గ్లాసు తాగడం మొదలెట్టింది. కడుపు నిండుతుంది, దాహం తీరదు. పెదాలు పగిలాయి. గొంతు బొంగురుపోయింది. అన్నయ్య ఫోన్ చేస్తే జలుబన్నాం. ఆయన నమ్మి, మిరియాల కషాయం పెట్టమని నాకు పాఠం చెప్పి, ఏలూరు ఆయన సంగతి ఎత్తుకున్నాడు. మొన్న వేసవి కాయలు కుర్చీ మీద పోసి తీసిన ఫొటోలు చూపిస్తున్నాడట. నేను ఊఁ కొడుతూ వకుళ పెదాలకి వెన్న రాస్తున్నాను.

నాలుగోవారం ఓ మధ్యాహ్నం బల్ల మీదే కునుకు తీస్తూ, నీళ్ళు నీళ్ళు అని కలవరించింది. తోటవాళ్ళంతా భోజనాలకెళ్ళారు. నలభై ఏళ్ళుగా మొక్క కొన్న ప్రతివాడికీ, జాలిపడి నీళ్ళు పొయ్యకండి, పోస్తే పూత పోయినట్టే అని చెప్పిన నోరు నాది. ఆ నోరు మూసుకుని, కుళాయి తిప్పి, బకెట్టుడు నీళ్ళు చెట్టు మొదట్లో దిమ్మరించాను. వకుళ మొహం మీదికి నెత్తురొచ్చింది. హాయిగా ఊపిరి తీసి కళ్ళు తెరిచింది. నన్ను చూసింది, నా చేతిలో బకెట్టు చూసింది.

"నీ పెదాలు చూడలేకపోయానే" అన్నాను.

"నాలుగు వారాల దాహం అత్తా. మళ్ళీ మొదట్నుంచి పడాలి" అంది. తిట్టినా బావుండేది. తిట్టలేదు. తాళంచెవి మాత్రం నా దగ్గర తీసుకుని హెండ్రిక్‌గారికి ఇచ్చేసింది. నేను సిగ్గుతో రెండు రోజులు ఆయన మొహం చూడలేదు.

మళ్ళీ మొదలు. ఈసారి పై కిటికీలు కూడా తెరిచి చెట్టుకి పొద్దుటి చలి చూపించాం. వకుళ రెండు రగ్గులు కప్పుకుని కూర్చుంది. అయిదు వారాలయ్యాయి, జనవరి వచ్చింది. కొమ్మల చివర్లు ఉబ్బాయి గానీ అక్కడే ఆగిపోయాయి. వకుళ లేచి నడవడం మానేసింది. డాక్టరు వచ్చి, ఇంకొక్క వారం చూస్తాను, ఆ తరవాత నీళ్ళు పోయించేస్తానన్నాడు. పోయిస్తే ఈ ఏటికి అంతే. ఇంకో ఏడు ఇలాంటి దాహం ఆ పిల్ల తట్టుకోదు. ఈ వారంలో పూయకపోతే ఇక అది జన్మంతా ఈ మేడలోనే.

నాకు కోపం నషాళానికెక్కింది. మా వైపు కాయని చెట్టుకి ఓ మందుంది. ఒకళ్ళు గొడ్డలి పట్టుకుని నరికేస్తానని మీదికి పోవాలి. ఇంకొకళ్ళు అడ్డుపడి, ఈ ఒక్క ఏడూ వదిలెయ్యండి, కాస్తుంది అని బతిమాలాలి. చెట్టు ఆ మాటలు విని సిగ్గు తెచ్చుకుంటుంది. నవ్వితే నవ్వండి, మా పెరట్లో పనస అలాగే దారికొచ్చింది. దానికి ఇద్దరుండాలన్న సంగతి ఆ కోపంలో నాకు గుర్తులేదు. మూలన, పూర్వం పొయ్యిలోకి కట్టెలు కొట్టిన గొడ్డలొకటి అద్దాల బీరువాలో ఉంటే తీసుకుని చెట్టు మీదికి పోయాను.

"కూచుని తిన్నావు నూట డెబ్బై ఏళ్ళు. ఇంతమందిని ఆశపెట్టావు. ఇప్పుడు నా పిల్లని పట్టుకుని పీల్చేత్తన్నావు. నీకింకో ఏడు కూడానా? నరికి పొయ్యిలో పెట్టేత్తాను, ఏమనుకుంటన్నావో."

రెండు దెబ్బలు వేశాను. బెరడు లేచి జీడి కారింది. అబ్బా అని వకుళ గొంతు వినపడి నా చెయ్యి గాల్లో ఆగిపోయింది. అంతలో హెండ్రిక్‌గారు, ఒక కాలికి చెప్పు లేకుండా, పరిగెత్తుకొచ్చి చెట్టు మొదలుని కరుచుకున్నాడు. బిళ్ళ గట్టిగా పలికింది.

"వలదు అమ్మగారూ, నరకవలదు. ఈ ఒక్క సంవత్సరము క్షమింపుడు. తప్పక కాయును. నేను పూచీ."

ఎవరూ నేర్పలేదు ఆయనకి. మా ఊళ్ళో నాలుగు తరాలుగా అంటున్న మాటలు పొల్లు పోకుండా అన్నాడు. నాకు కోపం ఎక్కడికి పోయిందో, గొడ్డలి కింద పడేసి నవ్వడం మొదలెట్టాను. వెనక్కి తిరిగితే వకుళ కూడా నవ్వుతోంది. పగిలిన పెదాల నుంచి నెత్తురొస్తున్నా పొట్ట పట్టుకుని నవ్వుతోంది.

"చెట్టుకి భయం వేసిందత్తా" అంది.

"నీకెలా తెలుసే?"

"నాకు వేసింది కదా."

ఆరోరోజు పొద్దున పూత విచ్చింది. కొమ్మ కొమ్మకీ గుత్తులు, మేడంతా మామిడిపూత వాసన. బెరడు గాయం వల్ల బలం కిందికి దిగక కొమ్మల్లో నిలిచిందని వకుళ అంటుంది. చలి పని చేసిందని హెండ్రిక్‌గారు అంటాడు. సిగ్గొచ్చిందని నేనంటాను. ఎవరి మాట నెగ్గినా పూత పూతే. గుక్కెడు గుక్కెడుగా నీళ్ళు వదిలాం. వకుళ దాహం తీరింది.

నాలుగోనాటికి మచ్చ పసుపురంగుకి తిరిగి అంచులు లేచాయి. డాక్టరు ఒక్కసారిగా తీసేద్దామన్నాడు. నేను ఒప్పుకోలేదు. తల్లికొమ్మకి ఆనించి కట్టిన అంటుని కూడా మేం ఒక్క కోతలో వేరు చెయ్యం. ముందు పావు కోసి వారం ఆగుతాం, మళ్ళీ పావు. రెండూ విడిగా బతకడం నేర్చుకోవాలి కదా. నా అంటుకత్తి మరిగించి, డాక్టరు నాడి పట్టుకుని చూస్తుండగా, నాలుగు వారాల్లో నాలుగు పావులు కోశాను. జ్వరం రాలేదు. ఆఖరి పావు దానంతటదే ఊడి నా అరచేతిలో పడింది. దాని మధ్యన ఆవగింజంత మొగ్గ ఉంది.

వకుళ లేచి చెట్టు దగ్గరికెళ్ళి బెరడు మీద చెయ్యి పెట్టింది.

"వినపడట్లేదత్తా" అని ఏడ్చింది. మూడేళ్ళు పగలూ రాత్రీ తోడున్నది మరి. నేనూ దానితో ఏడ్చాను. మర్నాడు సముద్రం దాకా మంచులో నడిచి, మూడు గంటలు తిరిగి, నిఖార్సయిన జలుబుతో ఇంటికొచ్చింది. తుమ్ములు వింటూ దాన్ని తిట్టినంత ఆనందంగా నేనెవర్నీ తిట్టి ఉండను. అన్నయ్యకి ఆ రోజే ఉన్నదంతా చెప్పాం. ఆయన నా మీద గంటసేపు అరిచి, చివర్న, చెయ్యి ఎలా ఉందే, మచ్చ పడిందా అని కూతుర్ని అడిగాడు.

నాలికకి రుచి మాత్రం రాలేదు. రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టరు. నేను లవంగం కొరికించాను, కాకరకాయ వండాను, చింతపండు చప్పరించమన్నాను. వకుళ నన్ను బాధపెట్టకూడదని, కొంచెం తెలుస్తోందత్తా అని అబద్ధమాడేది. ఆవకాయ తిన్నాక ఆ మొహం చూస్తే నాకు నిజం తెలిసిపోయేది. తిరుగు టిక్కెట్టు రెండుసార్లు మార్చాను. దీని నోరు బాగుపడకుండా కదలనని భీష్మించాను.

ఈలోగా చెట్టు పనులూ చూడాలి. ఆ మేడలో ఈగ అన్నది లేదు, ఈగ లేకపోతే మామిడి పిందె కట్టదు. చేపతలకాయలు తెప్పించి కొమ్మలకి వేలాడదీయించాను. జమీందారు కట్టించిన మేడలో ఆ కంపుకి చూడ్డానికొచ్చిన వాళ్ళు ముక్కులు మూసుకుని పారిపోయారు. హెండ్రిక్‌గారు మాత్రం రోజూ వచ్చి ఈగల్ని లెక్కపెట్టి మురిసిపోయేవాడు. పదకొండు కాయలు నిలిచాయి. మార్చిలో అన్నయ్య ఫోన్ చేసి, ఏలూరు ఆయన గొడవ మానేశాడని చెప్పాడు. వాళ్ళావిడ ఆ కాయలతో నిరుడు పెట్టిన పచ్చడి జాడీ విప్పిందట, వీధంతా వచ్చి సీసాలు పట్టుకెళ్ళారట, ఇప్పుడు అదే రకం ఇంకో రెండు మొక్కలు కావాలంటున్నాడట.

మే నెలలో మొదటికాయ కోసి గడ్డిలో మాగపెట్టాం. హెండ్రిక్‌గారు కోటు తొడుక్కుని వచ్చాడు. తోటవాళ్ళందరూ చుట్టూ చేరారు. వెండి కత్తితో ముక్కలు కోసి, ఇత్తడి రేకు మీది వాక్యం గట్టిగా చదివి, కళ్ళు మూసుకుని ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడు. ఆయన కనుబొమ్మలు రెండూ ఒకచోటికి వచ్చాయి. బుగ్గలు లోపలికి పోయాయి. ఏదో అన్నాడు, బిళ్ళకి దానికి తెలుగు దొరకలేదు.

నేనో ముక్క కొరికాను. పులుపు. పండినా చావని పులుపు. కండ గట్టిది, పీచుంది, టెంక బలంగా ఉంది. అప్పుడు అర్థమైంది నాకు. మీ వాళ్ళు అన్నిటికంటే మెచ్చే మామిడేదని దొర అడిగాడు. మా పెద్దాయనెవరో నిజాయితీగా, ఏడాది పొడుగునా ఇంటిల్లిపాదీ అన్నంలో కలుపుకునే పచ్చడి కాయ తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టాడు. మెచ్చేది అన్నాడు గానీ తియ్యనిది అనలేదుగా. దొర అడగలేదు, ఈయన చెప్పలేదు, తెలియడానికి నూట డెబ్బై ఏళ్ళు పట్టింది. ఆ సంగతి హెండ్రిక్‌గారికి ఎలా చెప్పాలా అని నేను మాటలు వెతుక్కుంటుంటే, నా వెనక ఎవరో గట్టిగా చప్పరించిన చప్పుడైంది.

వకుళ. ఒక కన్ను మూసుకుపోయింది, భుజాలు చెవులదాకా లేచాయి, కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి.

"పుల్లగా ఉందత్తా" అంది.

మళ్ళీ చెప్పమని చేత్తో సైగ చేశాను. అది చెప్పలేదు. హెండ్రిక్‌గారి చేతిలో పళ్ళెం లాక్కుని, ఇంకో ముక్క నోట్లో వేసుకుని, నిండు నోటితో అడిగింది.

"అత్తా, ఉప్పూ కారం ఉన్నాయా?"